జింజరు రెండు సీసాలు

ఈ సాయంత్రం మావారు ఆ కథ మళ్ళీ చెప్పారు. ఆఫీసు నుంచి ఇద్దరు స్నేహితులు వచ్చి వరండాలో కూర్చున్నారు. మాట మీద మాట వచ్చి, మద్యనిషేధం ఎత్తేస్తారా ఉంచుతారా అనే దాకా పోయింది. అక్కడి నుంచి ఆయన తిన్నగా మా ఇంటికే వచ్చేశారు. పట్నంలో బి.ఏ. చదివిన భార్య అంగడికి చీటీ రాసి పంపడం, అది చూసి అంగడాయన బెదిరిపోవడం, మా అత్త కొంగున చీటీ ముడేసుకుని ఇంటికి రావడం, చివరికి అంట్లు తోమే అవ్వ జడ్జీలాగా తీర్పు చెప్పడం, అంతా వరసగా చెప్పారు. చెప్పడం ఆయనకు బాగా చేతనవును. అవ్వ గొంతు ఆయన పట్టినట్టు ఇంకెవరూ పట్టలేరు. స్నేహితులు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. ఎప్పుడూ రాదు. ఆయన కథలో ఒక సాయంత్రం దీపాలు పెట్టిన వేళ నుంచి మర్నాడు పొద్దున అవ్వ వచ్చే వేళ దాకా ఏం జరిగిందో ఉండదు. ఆ వేళల్లో ఆయనేం చేశారో అసలే ఉండదు. ఇప్పుడు మావాడు నిద్రపోయాడు. లాంతరు వత్తి తగ్గించి, వాడి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి ఊపిరి చూసి (వాడికి మూడేళ్ళు దాటినా ఈ అలవాటు పోలేదు), ఆయన వదిలేసిన ముక్క రాయడానికి కూర్చున్నాను.

అప్పటికి రాష్ట్రం ఇంకా విడిపోలేదు. మావారికి ఆత్మకూరు తాలూకా ఆఫీసులో గుమాస్తా పని. నా పుట్టిల్లు ఉదయగిరి. ఆయనది జలదంకి దగ్గర సేద్యం చేసే కుటుంబం. మావాడు పుట్టిన మూడో నెల నుంచి మా అత్త మా దగ్గరే ఉంది. ఆమె లేకపోతే నాకు బిడ్డకు నీళ్ళు పొయ్యడం కూడా వచ్చేది కాదు. ఆ మాట ముందే చెప్పాలి. కాళ్ళు చాపి, బిడ్డను వాటి మీద బోర్లా వేసుకుని, ఆమె నలుగు పెట్టి నీళ్ళు పోస్తుంటే వాడు ఏడవడం మరిచిపోయేవాడు. నేను పోస్తే ఊరంతా వినపడేది.

కానీ ఆమె దగ్గర ఒక పట్టిక ఉండేది. పాలిచ్చే తల్లి ఇది తినరాదు, అది తాగరాదు అని. వంకాయ వద్దు, గుమ్మడి వద్దు, పెరుగు వద్దు. చల్లటిదైతే ఏదీ వద్దు. నేను కుండలో నీళ్ళు తాగితే బిడ్డకు రొంప పడుతుందని ఆమె నమ్మకం. కాలేజీలో శరీరశాస్త్రం ఒక ఏడు చదివినదాన్ని, అలాగేం కాదని నాకు తెలుసు. తెలిసినా, వాడు ఒక్కసారి తుమ్మితే ఆ చదువంతా ఎటు పోయేదో. అందుకని మృగశిర కార్తె వచ్చినా ఎండ తగ్గని ఆ ఊళ్ళో, ఆమె వచ్చిన ఆరు నెలలుగా కాచిన గోరువెచ్చటి నీళ్ళే తాగాను.

అలాంటి రోజుల్లో మా నాయన ఉదయగిరి నుంచి బస్సులో ఒక బుట్ట నేరేడు పళ్ళు పంపాడు. కొండ కింద తోటలోవి. నల్లగా, ఒక్కొక్కటీ బొటనవేలంత. పైన తడిగుడ్డ కప్పి ఉంది. ఆ బుట్ట చూడగానే నాకు మద్రాసు గుర్తొచ్చింది.

హాస్టల్లో నా గదిలోనే ఉండే ఒకమ్మాయికి అన్న ఒకడు ఓడలో పని చేసేవాడు. అతను ఏ దేశపు రేవులోనో చూసొచ్చిన పానీయం ఒకటి చెల్లెలికి ఉత్తరంలో వర్ణించి రాశాడు. దానికి ఎవరో దొరసాని పేరు, మార్గరీటా అని. అక్కడ దాన్ని మన కిత్తనార లాంటి ముళ్ళ మొక్క నుంచి తీసిన సారాతో చేస్తారట. అందులో నిమ్మరసం, తీపి, దంచిన ఐసు. పళ్ళ గుజ్జు కూడా కలపవచ్చునట. అన్నిటికంటే వింత, గ్లాసు అంచుకు చుట్టూ ఉప్పు అద్దుతారట. తాగేటప్పుడు మొదట ఉప్పు, వెనక పులుపు, ఆ వెనక తీపి తగలాలి. పరీక్షలైన రోజున మా గదిలో అయిదుగురం కలిసి దాన్ని చేశాం. సారా మాట అటుంచితే, ఆ హాస్టల్లో కోడిగుడ్డు కూడా దొరకదు. సారా ఇచ్చే ఘాటు కోసం అల్లం సోడా పోశాం. మద్రాసులో సోడా బండి దగ్గర నిలబడి "జింజర్" అంటే చాలు, గోలీ టప్పున కొట్టి అల్లం సోడా చేతికిచ్చేవాడు. ఇంకో అర్థం ఉంటుందని మాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు.

నేరేడు పండు మన దగ్గర ఎవరైనా ఎలా తింటారు? పిడికెడు పళ్ళు గిన్నెలో వేసి, ఉప్పు చల్లి, పైన మూత పెట్టి, గలగలా ఆడించి తింటారు. ఉప్పు లేని నేరేడు గొంతు పట్టేస్తుంది. ఆ ఓడ అన్న రాసిన ఉప్పు అంచు నేరేడు కోసమే పుట్టిందని నాకు ఆ బుట్ట ముందు కూర్చున్నప్పుడు తోచింది. తోచిన తర్వాత ఇక ఆగలేకపోయాను. పెళ్ళయిన తర్వాత నా అంతట నేను కోరుకున్నది అదొక్కటే.

మావారికి చెప్పాను. ఆయన ఉత్సాహపడ్డారు. నెల్లూరు నుంచి వచ్చే బస్సు కండక్టరుకు చెప్పి రంపపు పొట్టులో చుట్టిన ఐసు గడ్డ తెప్పించారు. తెచ్చి పెరటి వైపు నుంచి లోపలికి చేరేశారు, వాళ్ళమ్మ చూడకుండా. దాచడమంటే మేము దాచింది ఆ ఐసు గడ్డనే. ఈ మాట గట్టిగా రాస్తున్నాను, ఎందుకంటే ఆ తర్వాత దాచినదానికి వేరే పేరు పెట్టారు.

ఆ రోజు ఆదివారం. మధ్యాహ్నం అత్త పురాణం వినడానికి పోతుందని తెలిసి, పొద్దున్నే అవ్వ చేతికి చీటీ ఇచ్చి బజారు అంగడికి పంపాను. మా అవ్వ అంట్లు తోముతుంది, నీళ్ళు మోస్తుంది. అక్షరం ముక్క రాదు. ఆ చీటీ ఇప్పుడు నా ముందుంది. మడతల దగ్గర చిరిగింది. నా చేతిరాతే: నిమ్మకాయలు పది. చక్కెర శేరు. మెత్తటి ఉప్పు కొంచెం. జింజరు రెండు సీసాలు.

అవ్వ నిమ్మకాయలు, చక్కెర, ఉప్పు తెచ్చింది. నాలుగోది లేదు. అది మా అంగట్లో పెట్టం అని అంగడాయన చెప్పమన్నాడని చెప్పింది. చీటీ ఆయనే ఉంచుకున్నాడట. ఇంకో మాట కూడా అడిగాడట.

"'అయ్యకా, అమ్మకా' అన్నాడు అమ్మణ్ణీ. 'అమ్మకే' అన్నా. రాసి ఇచ్చింది నువ్వు గదా."

నేనేమీ అనుకోలేదు. సోడా ఎవరికైతే ఏమి అని మాత్రం అనుకుని, పెరట్లో పాతిన అల్లం కొమ్ము పీకి కడిగాను.

ఎలా చేశానో రాస్తాను. తర్వాత ఇందులో ఏం కలిపానని ఊరంతా అడిగింది కాబట్టి ఒక్కటీ వదలకుండా రాస్తాను. పళ్ళు ఉప్పునీళ్ళలో కడిగి, చేత్తో పిసికి గింజలు తీశాను. గుజ్జును పలుచటి గుడ్డలో వేసి పిండితే వంకాయ రంగు రసం దిగింది. చక్కెర కొద్ది నీళ్ళలో కాచి చల్లార్చి పోశాను. ఎనిమిది నిమ్మకాయలు పిండాను. అల్లం తురిమి, దాని రసం రెండు చెంచాలు. ఐసు గడ్డను గోనెపట్టలో చుట్టి రోకలితో కొట్టాను, రవ్వ అయ్యేదాకా. మిగిలిన నిమ్మ చెక్కతో గ్లాసు అంచు తడిపి, పళ్ళెంలో పరిచిన ఉప్పు మీద గ్లాసును బోర్లించి ఒక తిప్పు తిప్పాను. లేపి చూస్తే అంచంతా తెల్లగా, మంచు పట్టినట్టు. అందులో ఐసు, పైన రసం. అంతే. ఇంకేమీ లేదు.

మావారు రెండు గ్లాసులు తాగారు. మొదటి గుక్కకు కళ్ళు మూసుకున్నారు. రెండో గ్లాసు అడిగి పుచ్చుకున్నారు. నాకు ఒకటి మిగిలింది. నేను తాగుతుంటే ఒళ్ళో ఉన్న మావాడు చెయ్యి చాపి అంచు మీది ఉప్పును వేలితో గీకి నోట్లో పెట్టుకున్నాడు. ముఖం ముడిచాడు. మళ్ళీ గీకాడు. ఒక చెంచా రసం పట్టాను. అరగంటలో వాడి పెదవులు, నాలుక, చుబుకం నీలంగా అయ్యాయి. కడుపునిండా పాలు తాగి, ఆ ఉక్కలో కూడా హాయిగా, ఎప్పుడూ పడుకోనంత సేపు పడుకున్నాడు. మిగిలిన రసాన్ని సీసాలో పోసి పెరట్లో తడి ఇసుకలో పాతాను.

అత్త పురాణం నుంచి తిరిగి వస్తూ వక్కాకు కోసం ఆ అంగట్లోనే ఆగింది.

అక్కడ ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. అంగడాయన గొంతు తగ్గించి, పెద్దమ్మా మీరు మంచివాళ్ళు కాబట్టి చెప్తున్నాను, ఇట్లాంటివి చీటీ రాసి పంపితే మాకు పోలీసులతో ఇబ్బంది అన్నాడట. చీటీ తీసి చదివి వినిపించాడట. అంగట్లో ఇంకో నలుగురు ఉన్నారట. మద్యనిషేధం వచ్చినప్పటి నుంచి తాగుడు మానలేనివాళ్ళు మందుల అంగళ్ళలో అల్లం టింక్చరు కొని నీళ్ళలో కలుపుకుని తాగేవారు. కడుపునొప్పికి చుక్కలు చుక్కలు వేసుకునే మందు, సీసాలకు సీసాలు ఖర్చయ్యేది. ఊళ్ళో దాని పేరు జింజరు. ఉత్త జింజరు. ఆత్మకూరు బజారులో ఆ మాట తెలియని మనిషిని ఒక్క నేనే.

దీపాలు పెట్టే వేళకు అత్త వచ్చింది. కాళ్ళు కడుక్కోలేదు. నేరుగా వచ్చి, నా ఒళ్ళో పడుకున్న బిడ్డను వంగి చూసింది. వాడి నీలం పెదవులు చూసింది. లేపింది. వాడు మత్తుగా తల వేలాడేసి మళ్ళీ నిద్రలోకి పోయాడు. ఆమె ముఖం ఎలా అయిందో చెప్పలేను. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"ఏం పట్టినావే బిడ్డకు?"

నేరేడు రసం అన్నాను. ఆమె కొంగు ముడి విప్పి చీటీ నా ముందు పడేసింది.

"ఇంట్లో ఎవురూ లేనప్పుడు చేసుకునే నేరేడు రసమా? ఇయ్యాల్టి నుంచి వాడు నా కాడ ఉంటాడు. నీ పాలు వాడికి వద్దు."

బిడ్డను ఎత్తుకుని నడవలోకి పోయి తలుపు దగ్గరికేసుకుంది. రేపు పొద్దున కావలి వైపు పోయే బస్సుకు జలదంకి పోతున్నట్టు, అక్కడ ఆవుపాలు అలవాటు చేస్తున్నట్టు తలుపు వెనక నుంచే చెప్పింది.

నేను తలుపు బయట నిలబడి చెప్పాను. జింజర్ అంటే అల్లం అని, ఇంగ్లీషులో అల్లాన్ని అలాగే అంటారని, సోడా కోసం రాశానని, అది కూడా రాలేదని. చెప్తున్నకొద్దీ నా మాటలు నాకే అబద్ధంలాగా వినిపించాయి. ఆమె ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"అల్లం కావాలంటే అల్లం అని రాయొచ్చు గదా?"

రాయవచ్చు. తెలుగులో చదువుకున్నదాన్నే. కానీ మద్రాసులో నేర్చుకున్న వస్తువుకు మద్రాసు పేరే రాశాను. అంతకంటే తప్పేమీ చేయలేదు. ఒక మాట తెలియకపోవడం తప్పా? టింక్చరు తాగే మగవాళ్ళు వందమంది ఉన్న ఊళ్ళో, వాళ్ళ పిల్లల్ని ఎవరూ ఎత్తుకుపోలేదు. వాళ్ళెవరూ చీటీ రాయరు, అంతే. రాయడం వచ్చినందుకు నా బిడ్డ నా చేతుల్లోంచి పోయాడు.

అప్పుడు మావారు వచ్చారు. సాయంత్రం షికారు పోయి, దారిలోనే విషయం విని వచ్చారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఐసు తెచ్చిన మనిషి, రెండు గ్లాసులు తాగిన మనిషి, అంతా కళ్ళతో చూసిన మనిషి. ఒక్క మాట అంటే అయిపోతుంది. అత్త తలుపు ఓరగా తీసి అడిగింది, ఏంరా అబ్బయ్యా, అది ఏం చేసిందో నీకు తెలుసా అని.

ఆయన చొక్కా విప్పి కొయ్యకు తగిలించారు. తగిలించడానికి అంత సేపు ఎవరికీ పట్టదు. తర్వాత అన్నారు.

"ఏం కలిపిందో నాకేం తెలుసమ్మా."

నేను ఆయన ముఖం వైపే చూస్తున్నాను. ఆయన కింది పెదవి మీద నేరేడు మరక ఇంకా ఉంది.

తర్వాత నాతో విడిగా చాలా చెప్పారు. ప్రొహిబిషన్ కేసుల కాయితాలు తన బల్ల మీదుగానే పోతాయన్నారు. గుమాస్తా ఇంట్లోనే జింజరు అంటే ఉద్యోగం ఉండదన్నారు. తానూ తాగానంటే ఇద్దరం కలిసి తాగామని ఊళ్ళో చెప్పుకుంటారన్నారు. బిడ్డను కొన్నాళ్ళు తన అమ్మ దగ్గర ఉండనిస్తే ఊరు మరిచిపోతుందని, ఊరు దేన్నైనా మరిచిపోతుందని అన్నారు. తొమ్మిది నెలల బిడ్డ ఎన్నాళ్ళలో తల్లిని మరిచిపోతాడో మాత్రం లెక్క చెప్పలేదు.

నేను నడవ తలుపు పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాను. వాడు లేచాడు. ఏడ్చాడు. ఆవుపాలు పడుతున్న చప్పుడు, ఉమ్మేస్తున్న చప్పుడు వినిపించాయి. వాడు ఏడ్చిన ప్రతిసారీ నా రవిక తడిసింది. చీర కొంగు మడిచి అదుముకుని కూర్చున్నాను. ఒక పక్కన నాకు ఇంకో భయం కూడా పట్టుకుంది. అంత సేపు ఎందుకు పడుకున్నాడు? ఆ ఐసు ఏ నీళ్ళతో చేశారో? నిజంగానే ఏమైనా పడిందా? చేసిన నాకే అనుమానం వచ్చేలా చేశారు. ఆ అనుమానానికి నేను ఎవర్నీ క్షమించలేదు.

తెల్లవారింది. అత్త సంచి సర్దింది. బిడ్డ గుడ్డలు, ఉగ్గుగిన్నె, వాముపొడి. వాడు ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి ఆమె భుజం మీద ఉన్నాడు. బస్సుకు ఇంకా గంట ఉంది. మావారు గడియారం చూస్తూ గుమ్మంలో నిలబడ్డారు. ఆ సమయానికి అవ్వ వచ్చింది అంట్లు తోమడానికి.

ఏంది ఇది అని అడిగింది. నేను చెప్పాను. జింజరు అనే మాట వినగానే చేతిలో చింతపండు కింద పెట్టేసింది. నేను రాసిన చీటీ తనే మోసిందని, తనే 'అమ్మకే' అన్నదని అప్పుడు అర్థమైంది ఆమెకు.

"అది ఇంకా మిగిలుండాదా?"

పెరట్లో ఉందన్నాను. ఆమె పోయి ఇసుకలోంచి సీసా తవ్వి తెచ్చింది. అత్త ముందు నిలబడింది.

"మా ఇంటాయన రెండేండ్లు తాగినాడు పెద్దమ్మా జింజరు. కండ్లు పోయినాయి, ఆ తర్వాత మనిషే పోయినాడు. ఆ వాసన నాకు తెలీకపోతే ఇంకెవురికి తెలస్తాది?"

మూత తీసి వాసన చూసింది. అరచేతిలో పోసుకుని నాలుక తగిలించింది. మళ్ళీ కొంచెం పోసుకుని తాగింది. మేమందరం ఆమె గొంతు కదలడమే చూస్తున్నాం. బి.ఏ. పట్టా ఇచ్చిన రోజున కూడా నేను అంత భయపడి నిలబడలేదు.

"నేరేడు. నిమ్మకాయ. అల్లం. ఇది తాగితే దగ్గు తగ్గతాది. నిషా కావాలంటే ఇంకో జన్మెత్తాల."

అత్త చెయ్యి చాపింది. అవ్వ ఆమె అరచేతిలో పోసింది. ఆరు నెలలు నాకు పట్టిక పెట్టిన మనిషి, పొద్దున్నే పళ్ళు కూడా తోముకోకుండా, ఆ చల్లటి రసం తాగింది. తాగి, నాలుకతో పెదవి తడుముకుని, కొడుకు వైపు తిరిగింది. ఆయన పెదవి వైపే చూసింది. మరక ఇంకా పూర్తిగా పోలేదు.

"నువ్వు తాగినావంట్రా?"

ఆయన అవునన్నట్టు తల ఊపారు.

"ఎన్ని గ్లాసులు?"

"రెండు."

"మరి రేతిరి నేను అడిగితే తెలీదంటివే."

ఆయన ఆఫీసు సంగతి ఎత్తబోయారు. ఆమె విననే లేదు. బిడ్డను భుజం మీద నుంచి తీసి నా చేతుల్లో పెట్టింది. పెట్టేటప్పుడు నా ముఖం చూడలేదు. "పాలియ్యి" అని మాత్రం అంది. నేను అక్కడే, గుమ్మం దగ్గరే, అందరి ముందూ కూలబడి పాలిచ్చాను. వాడు వెక్కుతూనే తాగాడు. నా పైట పట్టుకున్న పిడికిలి చాలాసేపు వదల్లేదు.

అత్త ఆ సంచి విప్పలేదు. అందులోంచి బిడ్డ వస్తువులు తీసి మంచం మీద పెట్టి, తన చీరలు రెండూ దాంట్లో పెట్టుకుని అదే బస్సుకు జలదంకి పోయింది. పొరపాటు పడ్డానని ఆమె అనలేదు. పోతూ పోతూ ఆ అంగడి ముందు ఆగి, అంగడాయన మొహాన నాలుగు మాటలు అన్నదని మాత్రం అవ్వ చెప్పింది. ఏమన్నదో అవ్వ నాకు చెప్పలేదు. చెప్పదగ్గ మాటలు కావంది. ఆమె మీద నాకు ఈ రోజు కోపం లేదు. బిడ్డకు కీడు జరిగిందని నమ్మింది, నమ్మినంత గట్టిగా పట్టుకుంది. నిజం నాలుకకు తగలగానే వదిలేసింది. నేనైనా అంతకంటే ఏం చేసి ఉండేదాన్ని?

అంగడాయనకు మాత్రం సిగ్గు లేదు. ఆ తర్వాత ఏడాది పాటు అవ్వ పోయి అల్లం అడిగితే, అల్లమేనా, మీ అమ్మణ్ణి జింజరా అని నలుగురిలో అడిగేవాడు. నాలుగు రోజులు ఆగి నేను మళ్ళీ చీటీ రాసి పంపాను. అందులో జింజరు అనే రాశాను. బ్రాకెట్టు పెట్టి అల్లం అని రాయమని మావారు బతిమాలారు. రాయలేదు. ఇప్పటికీ అలాగే రాస్తాను. మాట తప్పు కాదు, దాని అర్థం నేను చెడగొట్టలేదు.

ఇక ఈ సాయంత్రం సంగతి.

ఆయన కథ అయిపోయింది. అవ్వ మాటను అవ్వలాగే అన్నారు, ఇంకో జన్మెత్తాల అని. ఒకాయన నవ్వు ఆపుకుని, ఆ రసం రుచి మేము కూడా చూడాలి గదా అన్నాడు. మావారు లోపలికి కేక వేశారు. నేరేడు కాలమే. మా నాయన ఈ ఏడు కూడా బుట్ట పంపాడు. నేను చేశాను. పొద్దున బస్సులో వచ్చిన ఐసు ఉంది, ఇప్పుడు దాచే పని కూడా లేదు. మూడు గ్లాసులకూ అంచున ఉప్పు అద్ది, పళ్ళెంలో పెట్టి వరండాలోకి తీసుకుపోయాను. మావాడు నా చీర పట్టుకుని వెనకే వచ్చాడు.

స్నేహితుల్లో రెండో ఆయన గ్లాసు అందుకుంటూ, హాస్యానికే, ఇందులో ఏమేం కలిపినావమ్మా, ఇబ్బంది లేదు గదా అన్నాడు. మావారు చిరునవ్వు నవ్వుతూ నా వైపు చూశారు. నేను ఏదో ఒకటి అంటే నవ్వడానికి వాళ్ళు సిద్ధంగా ఉన్నారు.

"ఆయన్నే అడగండి," అన్నాను. "ఈసారైనా ఆయనకు తెలుసేమో."

ఎవరూ నవ్వలేదు. స్నేహితులకు అర్థం కాలేదు. అర్థమైన ఒక్క మనిషి గ్లాసు చేతిలో పట్టుకుని అంచు మీది ఉప్పు వైపు చూస్తూ ఉండిపోయారు. చివరికి, నేను లోపలికి తిరిగిన తర్వాత, వరండాలోంచి ఆయన గొంతు వినిపించింది. నేరేడు రసం, నిమ్మకాయ, చక్కెర, అల్లం అని ఒక్కొక్కటీ చెప్తున్నారు. మెల్లగా, ఆఫీసులో కాయితం చదివినట్టు. ఆ మాటలు నేను మూడేళ్ళ కింద ఆ నడవ తలుపు దగ్గర వినాల్సినవి.

మావాడు వెనక్కి పోయి ఆయన గ్లాసు అంచు మీది ఉప్పంతా వేలితో గీకి తినేసి, రసం కూడా రెండు గుక్కలు తాగి వచ్చాడు. నోరు కడిగి పడుకోబెట్టాను. పెదవులు ఇంకా నీలంగానే ఉన్నాయి.